ఆవుల మాస్టారు చూపించిన బొమ్మ

సెకండియర్‌లో మా ఊరి చెరువును వాటర్‌కలర్‌లో వేసి, గర్వంగా పట్టుకెళ్లి మాస్టారికి చూపించాను. కాసేపు చూసి, "ఈ చెరువు ఇంగ్లండులో ఎక్కడుందిరా?" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

నవ్వులు ఆగాక కళా చరిత్రకారుడు గోంబ్రిక్ పుస్తకం తెప్పించి ఒక బొమ్మ చూపించారు. డెర్వెంట్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆవులు, వెనక కొండలు. వేసింది 1936లో, చియాంగ్ యీ అనే చైనా ఆయన. చోటు ఇంగ్లండుదే గానీ ఆ సిరా, కాయితాన్ని తెల్లగా వదిలేసిన పద్ధతి, చెట్ల మీద కుంచె ఆనించిన తీరు అచ్చం చైనావి. "వాడు పరాయి చెరువుని తన చేత్తో వేశాడు. నువ్వు నీ చెరువుని పరాయి చేత్తో వేశావు" అన్నారు. ప్రతి బ్యాచ్‌కీ అదే బొమ్మ చూపించేవారట, అందుకే ఆవుల మాస్టారయ్యారు.

తర్వాత చియాంగ్ యీ గురించి నేనే వెతుక్కుని చదివాను. 1903లో జ్యూజియాంగ్‌లో పుట్టి, కెమిస్ట్రీ చదివి, జిల్లా పాలనాధికారిగా పనిచేసి, ఆ రాజకీయాలు పడక 1933లో లండన్ వెళ్లిపోయాడు, అదీ అంతంతమాత్రం ఇంగ్లీషుతో. నాలుగేళ్లకే ఇంగ్లీషులో, ఇంగ్లండులోని సరస్సుల ప్రాంతం మీద పుస్తకం! పెట్టుకున్న పేరు 'మౌన యాత్రికుడు'. ఆ పేరుతోనే లండన్, ఆక్స్‌ఫర్డ్, ఎడిన్‌బరో, పారిస్, న్యూయార్క్... వీటి మీదా పుస్తకాలు రాశాడు, బొమ్మలూ కవితలూ ఆయనవే. 1940 బాంబు దాడుల్లో లండన్ ఇల్లు పోతే ఆక్స్‌ఫర్డ్ చేరి పదిహేనేళ్లున్నాడు, 1955లో అమెరికా వెళ్లి కొలంబియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు.

మాస్టారు చెప్పని సంగతి ఒకటుంది. భార్యనీ నలుగురు పిల్లల్నీ చైనాలో వదిలి వెళ్లాడాయన. మళ్లీ ఆ నేల మీద కాలుపెట్టింది 1975లో, నలభై రెండేళ్ల తర్వాత. రెండేళ్లకి బీజింగ్‌లో పోయాడు. ఇది తెలిశాక ఆ 'మౌనం' నాకు అంత ముచ్చటగా అనిపించలేదు, బొమ్మ మీద ఇష్టం మాత్రం తగ్గలేదు.

మొన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన ఉన్న సౌత్‌మూర్ రోడ్, 28 నంబరు ఇల్లు చూసొచ్చాను. 2019లో ఆయన గుర్తుగా గోడకి నీలం ఫలకం పెట్టారు. ఫోటో తీసి మన గ్రూపులో పెడితే "ఎవర్రా ఈయన?" అని ఒకడడిగాడు. ఆవులు అన్నానంతే, టక్కున గుర్తుపట్టాడు.