బూజు కాని బూజు: నా ప్రాజెక్టు అనుభవం

ప్రాజెక్టు వైవా (మౌఖిక పరీక్ష) నిన్ననే అయింది. కోపం చల్లారితే మర్యాదగా రాసేస్తానేమోనని ఈరోజే కూర్చున్నా.

ప్రాజెక్టు పేరుకి చిన్నదే. నారుకుళ్ళు తెగులు సోకిన మొలకల నుంచి సూక్ష్మజీవిని వేరుచేసి, అది ఏ ప్రజాతో తేల్చాలి. వేరుచేయడం దగ్గర పెద్ద కష్టమేమీ లేదు. కుళ్ళిన చోటు, బాగున్న చోటు కలిసే అంచున ముక్క కోసి, కడిగి, అగర్ అనే పోషక జెల్లీ మీద పెట్టడమే. చూస్తుండగానే ప్లేటంతా తెల్లగా, దూదిలా కమ్మేసింది. పక్కవాళ్ల పెనిసీలియం బూజు పచ్చటి చుక్కలతో నత్తనడకన సాగుతుంటే నాది మూతకి తగులుతోంది. కాస్త గర్వంగానే ఉండింది, దాచడం దేనికి?

అసలు కథ స్లైడ్ వేశాక మొదలైంది. లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే రంగు వేసి చూస్తే నీలం రంగు పట్టిన తంతువులు, వాటిలో అడ్డుగోడలు లేవు. అంతే. విత్తనాల్లా పనిచేసే సిద్ధబీజాల (స్పోర్ల) జాడే లేదు. గుర్తింపు పట్టిక ఏది తెరిచినా మొదట అడిగేది వాటినే. ఆస్పర్జిల్లస్ అయితే కాడ చివర ఉబ్బిన తల ఉండాలి, పెనిసీలియం అయితే చీలికలుగా విడిన కొన ఉండాలి, రైజోపస్ అయితే నల్లటి సిద్ధబీజాశయం (సిద్ధబీజాల సంచి), కింద వేళ్లలాంటి రైజాయిడ్లు. నా దగ్గర ఇవేవీ లేవు. అడ్డుగోడలు లేవు కదా, రైజోపస్, మ్యూకర్ల వైపు వెళ్దామంటే అవి ప్లేటు మీదే గుండుసూది తలల్లాంటి ఆశయాలు ఎత్తేస్తాయి. మీడియం, అంటే పెంచే ఆహారం, మార్చాను, వెలుతురులో పెట్టాను. ఊహూఁ.

ఆ స్థితిలో సెమినార్ వచ్చి పడింది. ముందు వరసలో పెద్ద ప్రొఫెసర్ ఒకాయన. నా ఫొటో తెర మీద పడగానే, "ఏమ్మా, ఖాళీ గొట్టాలు చూపిస్తున్నావు, శిలీంధ్రం ఏదీ?" అన్నారు. హాలంతా నవ్వు. ఇది ఊమైసీట్ కావచ్చు సార్, అంటే బూజులా కనిపించే వేరే జీవి, అసలు శిలీంధ్రమే కాకపోవచ్చు అన్నాను. ఇంకా నవ్వు. "దారాలున్నాయి, కుళ్ళబెడుతోంది, ఇంకేం కావాలి నీకు? మా రోజుల్లో ఫైకోమైసీట్స్ అని శిలీంధ్రాల్లోనే చదివాం. కూర్చో" అన్నారు. కూర్చున్నాను. మా గైడ్ అక్కడే ఉండి, ఫోన్ చూసుకుంటూ ఉండిపోయారు. అది మాత్రం నేను అంత త్వరగా మరచిపోను.

ఆయన రోజుల్లో అలాగే ఉండేది, కాదనను. అసలు శిలీంధ్రాలన్నిటినీ మొక్కల్లోనే కలిపేసిన కాలమూ ఉంది. విట్టేకర్ 1969లో ఐదు రాజ్యాల పద్ధతిలో వాటికి సొంత రాజ్యం ఇచ్చాడు. తర్వాత కణాల లోపలికీ, జన్యువుల్లోకీ వెళ్లి చూసేసరికి ఊమైసీట్లు ఆ గుంపులో ఇమడలేదు. శిలీంధ్రాల కణకవచంలో కైటిన్ ఉంటుంది, వీటిలో ముఖ్యంగా సెల్యులోజ్, గ్లూకాన్లు. వీటి దగ్గరి చుట్టాలు గోధుమ శైవలాలు, డయాటమ్‌లు. 1845లో ఐర్లండ్ బంగాళాదుంప పంటను నాశనం చేసిన ఫైటాఫ్తొరా కూడా ఊమైసీటే.

ఇదంతా కాగితం మీది తేడాయే అయితే నేనూ ఊరుకునేదాన్ని. కార్బెండజిమ్ అనే తెగుళ్ల మందు చాలా శిలీంధ్రాల మీద పనిచేస్తుంది, ఊమైసీట్ల మీద పనిచేయదు. వాటికి మెటలాక్సిల్ లాంటి మందు కావాలి. "బూజే కదా" అని చేతికందిన మందు కొడితే డబ్బూ పోతుంది, నారూ పోతుంది. పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లు చదువు ఆపేస్తే నష్టం వాళ్లకి కాదు, ఇలా ఇంకెవరికో.

దారి చూపింది ల్యాబ్‌లో ఒక సీనియర్ అక్క. "అది నీటి జీవే, అగర్ మీద సిద్ధబీజాలు ఎందుకు పెడుతుంది? నీళ్లలో వెయ్" అంది. గడ్డి పోచలు ఉడకబెట్టి, స్టెరైల్ చేసిన నీళ్ల ప్లేటులో వేసి, పక్కన కల్చర్ అంచు నుంచి కోసిన అగర్ ముక్క పెట్టాను. మర్నాటికి పోచల చుట్టూ సన్నటి నూగు. నీళ్లు మార్చి, ప్లేటుని అలాగే మైక్రోస్కోప్ కింద పెట్టి కూర్చున్నా. మెడ పట్టేసింది కానీ కళ్లు తీయబుద్ధి కాలేదు. ఉబ్బిన తంతువులోంచి ఒక సన్నటి గొట్టం బయటికి పొడుచుకొచ్చింది. దాని కొసన పలచటి పొరతో బుడగ. లోపలి జీవపదార్థమంతా ఆ బుడగలోకి జారిపోయి, అక్కడే ముక్కలు ముక్కలుగా విడిపోయింది. ఆ ముక్కలు కదలడం మొదలుపెట్టాయి, ఒకదాన్నొకటి తోసుకున్నాయి. బుడగ పగిలింది. తోకల్లాంటి కశాభాలతో గమన సిద్ధబీజాలన్నీ (ఈదే స్పోర్లు) తలో దిక్కుకీ ఈదుకుంటూ పోయాయి. ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉన్నా గట్టిగా అరిచాను. అంతా ఫోన్‌లో వీడియో తీశాను.

మిగతాది చకచకా అయిపోయింది. క్లోర్ జింక్ అయొడిన్ వేస్తే తంతువుల గోడలు ఊదారంగుకి తిరిగాయి, అంటే సెల్యులోజ్. జన్యు సీక్వెన్సింగ్ రిపోర్టు కూడా ఊమైసీట్లలోని పిథియం ప్రజాతి అనే చెప్పింది.

వైవాకి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ వీడియో మళ్లీ వేయమన్నారు. ఫైటాఫ్తొరా ఎందుకు కాదని అడిగారు. గమన సిద్ధబీజాలు బయటి బుడగలో తయారయ్యాయి కాబట్టి పిథియం, ఆశయం లోపలే తయారై బయటికొస్తే ఫైటాఫ్తొరా అయ్యేది అన్నాను. ఆవిడ తలూపి మార్కులు వేసుకున్నారు. ముందు వరసాయన ఈసారి నోరు మెదపలేదు, టీ కప్పు చూసుకుంటూ కూర్చున్నారు.

జూనియర్లకి ఒక్క మాట. మీ ప్లేటులో అడ్డుగోడల్లేని తంతువులు ఉండి సిద్ధబీజాలు రాకపోతే, మీడియంలు మారుస్తూ కూర్చోకుండా ముందు నీళ్లలో వేయండి. వేసి అక్కడే ఉండండి, టీకి వెళ్లొచ్చేలోపు అంతా అయిపోతుంది. పిథియం కల్చర్‌ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టొద్దు, వేడి ఇష్టపడే రకాలైతే చచ్చిపోతాయి. స్టెరైల్ నీళ్లలో అగర్ ముక్కలు వేసి గది ఉష్ణోగ్రతలోనే ఉంచండి. నా కల్చర్ సీసా మీద ఇదే రాసి అంటించి వచ్చాను. స్టాక్ రిజిస్టర్‌లో మాత్రం దాన్ని ఇప్పటికీ "శిలీంధ్రాలు" పేజీలోనే రాశారు.