అడగడానికి మూడు రోజులు పట్టింది

మా అన్నయ్య మీద కేసు పెట్టి, ఇల్లంతా సోదా చేసి, ఫోనూ ల్యాప్‌టాప్ పట్టుకెళ్లిన రోజు మేమంతా లాయర్ కోసం పరిగెత్తాం, బెయిల్ గురించే మాట్లాడుకున్నాం, మనిషి ఎలా ఉన్నాడని ఒక్కరం అడగలేదు. అరెస్టో సోదానో జరిగాక మొదటి కొన్ని రోజుల్లోనే ప్రాణం తీసుకునే ప్రమాదం బాగా ఎక్కువని నాకు తర్వాత తెలిసింది, అంతకుముందు పోలీస్ స్టేషన్ మొహం చూడని వాళ్లకి కూడా. తప్పు చేశాడో లేదో కోర్టు తేల్చడానికి ఏళ్లు పడుతుంది, పరువు మాత్రం ఒక్క పూటలో పోతుంది. స్నేహితుల నంబర్లన్నీ ఆ ఫోన్‌లోనే.

మూడో రోజు రాత్రి అడిగేశాను, "చచ్చిపోవాలనిపిస్తోందా అన్నయ్యా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తానేమోనని భయపడ్డాను, అలా ఏం కాదని డాక్టర్ తర్వాత చెప్పారు. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. "అవున్రా" అని ఏడ్చాడు.

ఆ రాత్రి ఒంటరిగా వదల్లేదు, పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. లాయర్‌కీ చెప్పాం. విచారణకి వెళ్లి తిరిగొచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరం పక్కనే ఉన్నాం (నాకు కాపలాదారు అని పేరు పెట్టాడు). కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ముందు రాత్రి ఇప్పటికీ అదే అడుగుతాను, "ఇవాళ లేదులే, పడుకో" అంటాడు.