దోహా పిల్లాడు, షార్జా పిల్ల

మా చెల్లెలి కుటుంబం యూఏఈలోని షార్జాలో ఉంటుంది, మేం ఖతర్ రాజధాని దోహాలో. ఇద్దరం రాజోలు దగ్గర పల్లెలో పుట్టినవాళ్లమే. కోనసీమలో ఇదేం వింత కాదు. మస్కట్‌కో కువైట్‌కో దోహాకో వెళ్లిన మనిషి లేని వీధి మా వైపు కనపడదు. వెళ్లినవాళ్లలో చాలామంది ఆడవాళ్లు, ఇళ్లల్లో పనికి. తల్లి అక్కడ, పిల్లలు ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరిగే ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. మేం భర్తల ఉద్యోగాల వెంట వెళ్లాం కాబట్టి పిల్లల్ని పక్కనే పెట్టుకుని పెంచుకోగలిగాం. అందుకని నేను చెప్పేది కష్టాల కథ కాదు. ఫుట్‌బాల్ కథ.

మావాడు దోహాలో పుట్టాడు, చెల్లెలి కూతురు షార్జాలో. ఏడాది తేడా. ఇద్దరిదీ భారత పాస్‌పోర్టే. కానీ ఫుట్‌బాల్ దగ్గరకొస్తే వాడిది ఖతర్, దానిది యూఏఈ. ఊళ్లో కొబ్బరితోటలో ఇద్దరూ చెరో జెర్సీ వేసుకుని కొట్టుకుంటుంటే మేం నవ్వుకునేవాళ్లం. 2017 జూన్ 5 దాకా అది నవ్వులాటే.

అది రంజాన్ నెల. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఒకేరోజు ఖతర్‌తో సంబంధాలు తెంచేసుకున్నాయి. ఉగ్రవాదులకు కొమ్ముకాస్తోందని వాళ్ల ఆరోపణ, అబద్ధమని ఖతర్ జవాబు. ఖతర్‌కి నేలమీద ఉన్న ఒకే ఒక్క సరిహద్దు సౌదీతో. దాన్ని మూసేశారు. సూపర్‌మార్కెట్లో సౌదీ పాలూ పెరుగూ ఉండే అరలు ఖాళీ. కొద్దిరోజులకే టర్కీ పాలు వచ్చాయి, జూలైలో ఏకంగా పాడి ఆవుల్నే విమానాల్లో దించడం మొదలుపెట్టారు. ఆవులు విమానమెక్కాయంటే మా నాన్నగారు నమ్మలేదు. వీడియో పంపాక, “వాటికి టికెట్టెంతమ్మా?” అన్నారు.

దోహా నుంచి దుబాయ్‌కి విమానంలో గంట. ఆ విమానాలు ఆగిపోయి, మస్కట్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాల్సొచ్చింది. అంతకంటే పెద్ద టెన్షన్ ఇంకోటి. సోషల్ మీడియాలో ఖతర్ మీద సానుభూతి చూపిస్తే 15 ఏళ్ల దాకా జైలని యూఏఈ ప్రకటించింది. ఇటు దోహాలో చూస్తే ఖతర్ పాలకుడు, ఎమిర్ తమీమ్ నలుపు-తెలుపు బొమ్మ, ‘తమీమ్ అల్ మజ్ద్’ (కీర్తిమంతుడు తమీమ్) అంటారు, కార్ల అద్దాల మీద, భవనాల మీద, మావాడి స్కూలు బ్యాగు మీద కూడా. మా ఆయన ఆ బ్యాగుతో వాడి ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టారు. పది నిమిషాల్లో చెల్లెలి ఫోను. “అక్కా, బావగారిని ఆ ఫొటో వెంటనే తీసెయ్యమను.” అంతే, పెట్టేసింది. తర్వాత చాలాకాలం ఆ గ్రూపులో మా చిన్నాన్న పెట్టే తిరుపతి ఫొటోలు తప్ప ఏమీ లేవు.

పెద్దవాళ్లం సర్దుకున్నాం. ఎనిమిదేళ్లవాడు ఎలా సర్దుకుంటాడు? “చెల్లి వాళ్లు మనకి శత్రువులా?” అనడిగాడు. కాదన్నాను. “మరి రారేం?” ఆ వేసవి సెలవులకి రెండు కుటుంబాలూ వేరువేరు దారుల్లో హైదరాబాద్ చేరి, ఒకే రైల్లో నరసాపురం వచ్చి, పంటు (బల్లకట్టు) మీద గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగాం. పంటు మీద వాళ్లిద్దరూ ఒకే రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు గానీ మాట్లాడుకోలేదు. సాయంత్రానికి పనసతొనల దగ్గర కలిసిపోయారనుకోండి.

రెండేళ్లయింది. 2019 జనవరి 29న అబుదాబిలో ఆసియా కప్ సెమీఫైనల్, యూఏఈకీ ఖతర్‌కీ. ఖతర్ అభిమానులు అక్కడికి వెళ్లే పరిస్థితే లేదు. మిగిలిన టికెట్లన్నీ అబుదాబి స్పోర్ట్స్ కౌన్సిల్ కొనేసి సొంత అభిమానులకు పంచింది. ఖతర్ 4-0తో గెలిచింది. గోల్ పడ్డాక స్టాండ్లలోంచి చెప్పులు, సీసాలు మైదానంలోకి వచ్చి పడ్డాయి. యూఏఈ సంఘానికి తర్వాత లక్షన్నర డాలర్ల జరిమానా, ప్రేక్షకులు లేకుండా ఒక మ్యాచ్ ఆడే శిక్ష పడ్డాయి. ఆ రాత్రి మావాడు సోఫా మీదెక్కి గంతులేశాడు. చెప్పులు పడుతున్నప్పుడు మాత్రం ఆగి నావైపు చూశాడు. మన వైపు చెప్పు విసరడమంటే ఏమిటో ఊళ్లో చూశాడు కాబట్టి వాడికి వేరే వివరించక్కర్లేకపోయింది.

నిజానికి నన్ను కదిపింది చెప్పులు కావు. ఓడాక యూఏఈ ఒక ఫిర్యాదు పెట్టింది. సూడాన్‌లో పుట్టిన అల్మోయెజ్ అలీ, ఇరాక్‌లో పుట్టిన బస్సామ్ అల్ రావీ ఖతర్‌కి ఆడటానికి అర్హులు కారని. ఫైనల్ రోజునే, ఫిబ్రవరి 1న, ఆసియా సమాఖ్య దాన్ని కొట్టేసింది. ఆ సాయంత్రం జపాన్ మీద అల్మోయెజ్ గాల్లో వెనక్కి తిరగబడి బంతిని గోల్‌లోకి తన్నాడు. అది ఆ కప్పులో అతని తొమ్మిదో గోలు, ఒక ఆసియా కప్‌లో అంతకుముందు ఎవరూ అన్ని కొట్టలేదు. ఖతర్ 3-1తో కప్పు ఎత్తుకెళ్లింది.

ఫిర్యాదు పోయినా మాట పోలేదు. చెల్లెలి కూతురు స్కూల్లో విన్నది మోసుకొచ్చింది. “మీ టీంలో అసలు ఖతర్ వాళ్లే లేరంట కదా అన్నయ్యా. అందరూ బయటనుంచి తెచ్చుకున్నవాళ్లేనంట.” దానికేం తెలుసు పాపం, షార్జాలో దాని సంగతీ అంతేనని. మావాడు దానికి జవాబు చెప్పలేదు. రాత్రి నా పక్కలో చేరి, “అల్మోయెజ్ చిన్నప్పుడు వచ్చాడు. నేనైతే అక్కడే పుట్టాను. బాగా ఆడితే నన్ను తీసుకుంటారా?” అన్నాడు.

ఇలాంటప్పుడు ‘నువ్వు అనుకుంటే ఏదైనా సాధిస్తావు’ అనే తల్లులుంటారు. నాకది చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. బయటివాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలంటేనే 25 ఏళ్లు వరసగా ఉండాలని చట్టం, పెట్టుకున్నా ఇచ్చేది అరుదు. ఆటగాళ్లకు దారులు వేరు. మనం నాన్న ఉద్యోగం ఉన్నంతకాలం ఉంటాం, అది పోతే సామాన్లు సర్దుకుంటాం. వాడు శ్రద్ధగా విని, “అయినా నేను వాళ్లకే సపోర్ట్ చేస్తా” అన్నాడు. చెయ్యి అన్నాను. ఆ దేశంలో వాడు ఐడీ కార్డు చూపించకుండా సొంతం చేసుకోగలిగింది ఆ జట్టొక్కటే, దాన్నెందుకు లాక్కోవాలి? ఈ విషయంలో మా ఆయన నాతో ఏకీభవించరు. రేపు ఇండియా వచ్చేసినప్పుడు కష్టపడతాడని ఆయన భయం.

పెద్దల గొడవ 2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో సంతకాలతో ముగిసింది. 2022 నవంబరులో ఖతర్ ప్రపంచకప్ మొదటిరోజు సౌదీ యువరాజు ఖతర్ కండువా వేసుకుని కూర్చున్నాడు. రెండు రోజులకు సౌదీ అర్జెంటీనాను 2-1తో ఓడిస్తే ఖతర్ ఎమిర్ సౌదీ జెండా మెడలో వేసుకున్నాడు. టీవీలో అది చూసి నాకు కళ్లు చెమర్చాయి. పదమూడేళ్ల మావాడికి మాత్రం ఒళ్లుమండింది. “అంటే ఇప్పుడు మేం వాళ్లకి చప్పట్లు కొట్టాలా? ఎప్పుడు కోపం తెచ్చుకోవాలో, ఎప్పుడు మానాలో వాళ్లే చెప్తారా?” మంచి ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు.

అదే ఏడు ఊరు కూడా వాడికి ఇంకోలా కనిపించింది. అప్పటిదాకా గొడవలు గల్ఫులో, ప్రశాంతం గోదారి ఒడ్డున అన్నట్టు చెప్పుకొచ్చాను. మే 24న, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టే ప్రతిపాదన మీద అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాల్చేశారు. ఇంటర్నెట్ ఆపేశారు. అమ్మతో వీడియో కాల్ లేదు. ‘ఒకే ఊరివాళ్లేగా, పేరుకి ఇంత గొడవేంటి?’ అని వాడడిగితే కులం గురించి మొదటిసారి కూర్చోబెట్టి చెప్పాల్సొచ్చింది. దోహా దిగ్బంధం గురించి చెప్పడమే తేలిక.

జూలైలో ఊరెళ్లేసరికి వరద. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, నది మధ్య లంకలన్నీ నీళ్లల్లో. మా నాన్నగారికీ పక్కింటాయనకీ పంటబోదె (చేలకి నీళ్లు పారే చిన్న కాలవ) దగ్గర తగాదా. బోదె గట్టు ఆయన చెక్కి తన చేలోకి కలుపుకున్నాడని నాన్నగారు, కాదు ముందునుంచీ అంతేనని ఆయన. మధ్యవర్తులు, సర్వేయరు, కొలతలు, అన్నీ అయ్యాయి. ఇద్దరికీ మాటల్లేవు. నేను పెళ్లయి వెళ్లిననాటికే ఆ గొడవ పాతది. ఆ రోజు ఆయన గేదెలు లంకలో ఉండిపోయాయి. పడవ మీద కొన్నిటిని, ఈదించి కొన్నిటిని ఒడ్డుకి తెచ్చారు గానీ కట్టడానికి ఆయన దొడ్లో మోకాలిలోతు నీళ్లు. మా దొడ్డి మెరక. నాన్నగారు వెళ్లి గేటు తీసి, తాళ్లు అందుకుని, వరసగా కొబ్బరిచెట్లకి కట్టేశారు. గడ్డి మావాడి చేత వేయించారు. ఆయన వచ్చి పాలు పిండుకునేవాడు, ఈయన అరుగు మీద పేపరు చదువుకునేవారు. ఒక్క మాట లేదు. మా అమ్మ కాఫీ ఇస్తే మాత్రం ఆయన తాగి గ్లాసు కడిగి పెట్టేవాడు.

నీళ్లు తీశాక మావాడు, “తాతయ్యా, రాజీ అయిపోయినట్టేనా?” అన్నాడు.

“రాజీ ఏంట్రా? బోదె సంగతి బోదెదే. గేదెలేం చేశాయి?”

పిల్లలిద్దరూ ఆ మాట పట్టుకున్నారు. ఖతర్, యూఏఈ అని వాళ్లు మొదలెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు “గేదెలేం చేశాయి” అంటారు, ఇద్దరూ పడిపడి నవ్వుతారు.

2024లో మావాడికి అసలు పరీక్ష వచ్చింది. కేరళ కన్నూరు కుటుంబం నుంచి వచ్చిన తహ్‌సీన్ మహమ్మద్ జంషీద్ అనే కుర్రాడు ఖతర్ జట్టుకి ఎంపికయ్యాడు. మావాడు అన్నం ముందు కూర్చుని కూడా ఫోను వదల్లేదు. “చూశావా? అవదన్నావు!” అన్నాడు నాతో. అదే జూన్ 11న దోహాలో ప్రపంచకప్ క్వాలిఫయర్, ఖతర్‌కీ ఇండియాకీ. ఏ జెర్సీ వేసుకోవాలో తేలక తెల్లచొక్కా వేసుకుని వెళ్లాడు. 37వ నిమిషంలో ఛాంగ్టే గోల్ కొట్టాడు, ఇండియా ముందంజ. 73వ నిమిషంలో బంతి గీత దాటి బయటికెళ్లింది, మనవాళ్లు ఆగారు, ఖతర్ ఆటగాడు దాన్ని లోపలికి లాగాడు, యూసుఫ్ ఐమెన్ గోల్ చేశాడు. రిఫరీ గోలన్నాడు. వీడియోలో సరిచూసే ఏర్పాటు ఆ మ్యాచ్‌కి లేదు. చివరికి 2-1. ఇండియా ఇంటికి.

సెలవులకి ఊరెళ్తే, జన్మలో ఫుట్‌బాల్ చూడనివాళ్లు కూడా అరుగెక్కి అదే మాట. “ఏరా, మనోళ్లని మోసం చేసి గెలిచారంట మీ దోహా వాళ్లు?” వాడు వెనకేసుకొస్తాడేమో అనుకున్నాను. “బంతి బయటికెళ్లిందండి. అది గోల్ కాదు,” అన్నాడు. ఒక క్షణమాగి, “రెండోది మాత్రం గోలే,” అని కలిపాడు. కోనసీమ నీళ్లు తాగినవాడు కదా, ఒప్పుకున్నా ఎంతవరకో అంతవరకే.

ఆ నవంబరులో అబుదాబిలో యూఏఈ ఖతర్‌ని 5-0తో చితక్కొట్టింది. నాలుగు గోల్స్ ఫాబియో లిమావి. చెల్లెలి కూతురు సంబరంగా ఫోన్ చేసింది. మావాడు అంతా విని, చల్లగా, “లిమాది మీ షార్జా పక్క ఊరేనా?” అన్నాడు. బ్రెజిల్లో పుట్టాడతను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత అది నవ్వడం మొదలుపెట్టింది. అయిదేళ్ల కిందటి మాట వాడు మర్చిపోలేదని అప్పుడు తెలిసింది నాకు, దానిక్కూడా.

2025 సెప్టెంబర్ 9న దోహా మీద ఇజ్రాయెల్ దాడి చేసినప్పుడు మొదట ఫోన్ చేసింది చెల్లెలే. మర్నాడే యూఏఈ అధ్యక్షుడు దోహాలో దిగాడు. నెల తిరిగి, అక్టోబర్ 14న అదే దోహాలో ఖతర్ యూఏఈని 2-1తో ఓడించి ప్రపంచకప్‌కి వెళ్లింది. పిల్ల రెండ్రోజులు పలకలేదు. మూడోరోజు మెసేజ్: “కంగ్రాట్స్. రిఫరీ మీవాడే.”

2026 జూన్‌లో అమెరికా, కెనడా, మెక్సికోల్లో ఆ కప్పు. ఆటలు మనకి అర్ధరాత్రీ తెల్లవారుజామునా పడతాయి. సెలవుల్లో ఊళ్లోనే చూడాలని పిల్లలిద్దరూ ఇప్పటినుంచే తాతయ్య టీవీ మీద కన్నేశారు. ఖతర్ ఆడితే అది ఎవరికి చప్పట్లు కొడుతుందో ఇంకా చెప్పలేదు. మా నాన్నగారి బెంగ వేరు.

“తెల్లారగట్ల అరుపులకి పక్కింటాయన లేచి గొడవకొస్తాడు.”

“ఆయన్ని కూడా పిలిచేద్దాం తాతయ్యా.”

“పిలు. కుర్చీ వెయ్యి. నేను మాత్రం మాట్లాడను.”