తిరిగొచ్చిన మేఘం

దయచేసి గుడారాల పండుగ అనకండి. పర్ణశాలల పండుగ అనండి. మన తెలుగు బైబిలులో, లేవీయకాండము 23వ అధ్యాయంలో ఉన్న మాట అదే. పర్ణం అంటే ఆకు. భద్రాచలం దగ్గరి పర్ణశాల పేరు విన్న ఎవరికైనా ఆకుల కప్పే కళ్లముందుకు వస్తుంది. గుడారం అంటే గుడ్డ. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం గుడ్డ కప్పితే అది పర్ణశాల కాదు. రేకు వేసినా కాదు, పైన స్లాబు ఉన్నా కాదు. నేలలో మొలిచి, కోసి తెచ్చిన కొమ్మో ఆకో పైన పరవాలి. ఆ మధ్య ఒక కూటానికి వెళ్తే షామియానా కింద కూలర్లు పెట్టి, ఐగుప్తు నుంచి వచ్చినవాళ్లు ఇలాగే ఉన్నారని బోధ చేశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మన ప్రభువు కూడా వెళ్లిన పండుగ ఇది. యోహాను 7లో చదువుతూనే ఉంటాం కదా, ఆ పైకప్పు ఎందుకు ఆకులదై ఉండాలో ఒక్కసారైనా అడగాలనిపించదా?

నాకు ఆ సంగతి చెప్పింది సబ్బా. సబ్బా అంటే హీబ్రూలో తాత. ఇశ్రాయేలులో కేర్‌గివర్‌గా పనిచేసిన రోజుల్లో నేను చూసుకున్న పెద్దాయన. మా ఇల్లు బ్నేయి బ్రాక్ అనే ఊళ్లో. అక్కడ మేడల బాల్కనీలు ఒకదాని నెత్తిన ఒకటి ఉండవు. ఒక అంతస్తులో ఎడమకి జరిగితే పై అంతస్తులో కుడికి జరుగుతాయి. ఎవరి పర్ణశాల మీద వాళ్లకి ఆకాశం ఉండాలని అలా కడతారు. పండుగ ముందు వీధంతా ఖర్జూరపు మట్టలే. నేను మట్టలు పరుస్తుంటే సబ్బా కింద చక్రాల కుర్చీలో కూర్చుని, "ఇక్కడ ఇంకో మట్ట వెయ్యి, నీడ ఎండకంటే ఎక్కువ ఉండాలి. మరీ దట్టంగా వెయ్యకు, నక్షత్రాలు కనపడాలి" అనేవాడు. మా అమ్మ పెళ్లి పందిరికి తాటాకులు వేయించడం గుర్తొచ్చేది.

"నేను ఐగుప్తులోనుండి ఇశ్రాయేలీయులను రప్పించినప్పుడు వారిని పర్ణశాలలలో నివసింపచేసితిని" అని దేవుడే అన్నాడు. ఏవా పర్ణశాలలు? దీని మీద రబ్బీలకి, అంటే యూదుల బోధకులకి, పెద్ద వాదం ఉంది. నిజమైన పాకలే అన్నది రబ్బీ అకీబా మాట. కాదు, వాళ్లని కమ్ముకుని కాపాడిన మహిమ మేఘాలు అన్నది రబ్బీ ఎలీయెజెరు మాట. రబ్బీల చర్చలున్న తల్మూదు గ్రంథంలో ఇలా ఉంటే సిఫ్రా అనే ఇంకో పాత గ్రంథంలో ఇవే మాటలు పేర్లు తారుమారై కనిపిస్తాయి. ఎవరిది ఏ మాటైనా నా మనసు మేఘం దగ్గరే ఆగిపోయింది.

మేఘమైతే ఆకు దేనికి మరి? రబ్బీ షిమోను బెన్ లాకీషు దీనికి ఆదికాండము 2వ అధ్యాయం తీశాడు. "ఆవిరి భూమినుండి లేచి" నేలంతా తడిపింది అని ఉంది కదా. మేఘం భూమిలోంచే లేస్తుంది, ఆకు కూడా భూమిలోంచే లేస్తుంది. అందుకే మేఘానికి గుర్తుగా భూమిలోంచి వచ్చినదాన్నే పరవాలి. సబ్బా ఇది చెప్పినప్పుడు నా చేతిలో ఖర్జూరపు మట్ట ఉంది. కొస ఎండి గరగరలాడుతోంది. కోసిన చోట మాత్రం ఇంకా తడిగానే ఉంది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడిపోయాను.

ఇంకో చిక్కు ఉంది. ఐగుప్తులోంచి బయటపడింది యూదుల నీసాను నెలలో, పస్కాకి. ఈ పండుగేమో ఆరు నెలల తర్వాత, తిష్రీ నెల 15న. ఎందుకిలా? ఎండలు ముదిరే రోజుల్లో పందిరి కింద ఎవరైనా కూర్చుంటారు, వానలు మొదలయ్యే వేళ ఇల్లు వదిలి బయటికి వస్తేనే అది దేవుని ఆజ్ఞ కోసం అని తెలుస్తుంది అన్నాడు 14వ శతాబ్దపు రబ్బీ యాకోబు బెన్ ఆషేరు. మంచి మాటే. కానీ నన్ను కదిలించింది 18వ శతాబ్దంలో విల్నా ఊళ్లో ఉన్న గావోను అనే మహాపండితుడు వేసిన లెక్క.

ఆయన ఏమంటాడంటే, బంగారు దూడను చేసుకున్నప్పుడు మేఘాలు వాళ్లని వదిలి వెళ్లిపోయాయి. మోషే రెండోసారి పలకలు పట్టుకుని కొండ దిగింది తిష్రీ 10న, ప్రాయశ్చిత్త దినాన. 11న ప్రత్యక్ష గుడారం కట్టమని చెప్పాడు. 12, 13 తేదీల్లో జనం ఉదయాన్నే కానుకలు తెచ్చి పోశారు. ఇక చాలని మోషే ఆపించాడు. 14న పనివాళ్లు వాటిని లెక్కచూసి తీసుకున్నారు. 15న పని మొదలైంది. ఆ రోజే మేఘం తిరిగొచ్చింది. మనం పండుగ చేసేది ఆ రోజుకే.

చూశారా! ఐగుప్తు పొలిమేర దాటగానే ఊరికే దొరికిన మొదటి మేఘానికి కాదు ఈ పండుగ. తప్పు చేసి, పోగొట్టుకుని, ఏడ్చి, క్షమాపణ పొందాక మళ్లీ వచ్చిన మేఘానికి. మొదటిసారి వచ్చినప్పుడు వాళ్లకి దాని విలువ తెలిసి ఉండదు. అది లేకుండా ఎండలో నిలబడ్డాకే తెలిసి ఉంటుంది.

మా ఆయన పోయాక ఏడాదిన్నర నేను బైబిలు తెరవలేదు. కోపం. అప్పు తీర్చడానికి దేశం కాని దేశం వెళ్లినా కోపం నాతోనే వచ్చింది. పెట్టె అడుగున చీర మడతల్లో ఉన్న బైబిలుని సబ్బా ఈ మేఘం సంగతి చెప్పిన రాత్రి తీశాను. నిర్గమకాండము 13వ అధ్యాయం, "పగటివేళ మేఘస్తంభములో" అన్న చోటికి వచ్చేసరికి అక్షరాలు కనపడలేదు.

దేవుడు నన్ను వదిలేశాడు అనుకుంటున్న అక్కయ్యా, తమ్ముడూ, ఈ ఏడు పర్ణశాలల పండుగనాడు మేడ మీదికి వెళ్లు. మన భాద్రపద పున్నమికో ఆశ్వయుజ పున్నమికో పడుతుంది. ఒక్క కొబ్బరిమట్ట అడ్డం పెట్టుకుని, ఫోను కింద వదిలేసి, దాని కింద కాసేపు కూర్చో. పాటలు అక్కర్లేదు, మైకు అక్కర్లేదు. తప్పు ఏదైనా ఉంటే చెప్పుకో. ఆకుల సందుల్లోంచి పైకి చూడు.

సబ్బాతో నా చివరి పండుగకి ఆయన ఆరోగ్యం బాగా పాడైంది. రోగులకీ వాళ్లకి పరిచర్య చేసేవాళ్లకీ పర్ణశాల నుంచి మినహాయింపు ఉందని మిష్నా అనే పాత యూదుల ధర్మ గ్రంథంలో ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. "చూడు, నీ గురించి కూడా రాశారు" అని నవ్వాడు. అయినా బాల్కనీలోకి తీసుకెళ్లమన్నాడు. భోజనం సగంలో చినుకు మొదలైంది. లోపలికి వెళదాం సబ్బా అన్నాను. వానలో ఎప్పుడు లేవాలో కూడా మిష్నాలో ఉంది. గిన్నెలోని జావ పాడయ్యేంత వాన పడితే లేవచ్చు. ఆయన సూపు గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టి వంగి చూశాడు.

"ఇంకా పాడవలేదు" అన్నాడు.

ఇద్దరం కూర్చున్నాం.