మొలలే అనుకున్నాం

నాన్నకి 49 ఏళ్లప్పుడు మలంలో రక్తం పడితే ఇంట్లో అందరం మొలలే అనుకున్నాం. కారం తగ్గించారు, మజ్జిగ పెంచారు, ఎవరో చెప్పిన నాటుమందు కూడా మింగారు, అలా ఎనిమిది నెలలు పోయాక కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) చేస్తే పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్, కీమో అయ్యాయి. ఇప్పుడు బాగానే ఉన్నారు, కానీ ఒకటే ప్రశ్న: "సిగరెట్ తాగలేదు, మందు ముట్టలేదు, నాకెందుకొచ్చిందిరా?"

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టర్ అడిగితే లేదని గట్టిగా చెప్పాం. తర్వాత మా మేనత్తకి ఫోన్ చేస్తే, "మీ తాత పోయింది కడుపులో గడ్డతోనే కదరా, నలభై రెండేళ్లకే" అంది. ఇంకాసేపు మాట్లాడాక, తనకి ఎప్పుడో గర్భసంచి తీసేసింది క్యాన్సర్ వల్లేనని కూడా చెప్పింది. ఇన్నేళ్లూ మాకు తెలిసింది "ఆపరేషన్ అయింది" అని మాత్రమే!

పేగుకీ గర్భసంచికీ ఏం సంబంధం అనుకున్నాను. లించ్ సిండ్రోమ్ అని ఉందట. డీఎన్ఏలో పడే తప్పులు సరిదిద్దే జన్యువుల్లో ఒకటి పుట్టుకతోనే చెడిపోయి ఉంటుంది, దాంతో ఈ రెండు క్యాన్సర్లూ చిన్న వయసులోనే వచ్చే రిస్క్ బాగా పెరుగుతుంది. 1895లో అమెరికాలో ఒక దర్జీ పని చేసే ఆవిడ, మా ఇంట్లో అందరూ ఇలాగే పోతున్నారు, నేనూ ఇలాగే పోతానని వార్తిన్ అనే డాక్టర్‌తో అందట, ఆయన ఆ కుటుంబం చిట్టా రాయడంతో దీని కథ మొదలైంది. ఆవిడా మా అత్తలాంటి మనిషే అన్నమాట.

పెద్దపేగు క్యాన్సర్లలో లించ్ వల్ల వచ్చేవి నూటికి మూడే. మా నాన్న ఆ మూడులో పడ్డారు. పిల్లలకి ఆ చెడిపోయిన జన్యువు వచ్చే అవకాశం సగం సగం. టెస్ట్ చేయిస్తే నాకుంది, చెల్లికి లేదు.

డల్లాస్‌లో ఉండే చెల్లి ఆ రోజే పార్టీ చేసుకుంది. దాని ఫ్రిజ్ తెరిస్తే బేకన్, సలామీ, సాసేజ్! ఒసేయ్, నీకు లేనిది ఆ జన్యువొక్కటే, మామూలు జనానికుండే రిస్క్ నీకూ ఉంది, రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తింటే అది 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు 2015లోనే చెప్పారు అంటే, "నీ కడుపు చూసుకో ముందు" అంది.

నిజమే, నా పొట్ట గురించే అసలు చెప్పాలి. జన్యువు ఉన్నాక ఏం తింటే ఏముందిలే అని నేనూ అనుకున్నాను. లించ్ ఉన్నవాళ్ల మీదే చేసిన ఒక పెద్ద పరిశోధనలో, ఊబకాయం ఉన్నవాళ్లకి పేగు క్యాన్సర్ రిస్క్ రెండింతల పైనే ఉందట, ఆస్పిరిన్ వాడినవాళ్లలో మాత్రం ఆ తేడా కనపడలేదట. నాకు డాక్టర్ ఆస్పిరిన్ రాశారు (మీ అంతట మీరు మొదలుపెట్టకండి, కడుపులో రక్తం పడొచ్చు), పది కిలోలు తగ్గమన్నారు. రెండు తగ్గాను. ఏడాదికో కొలనోస్కోపీ, ముందురోజు రాత్రి ఆ ఉప్పటి మందు లీటర్లకొద్దీ తాగి బాత్రూమ్‌లోనే కాపురం.

మొన్న అత్త ఇంకో పేరు చెప్పింది. నాన్న పెదనాన్న గారి అబ్బాయి, నాకు బాబాయి వరస. రెండేళ్లుగా మొలలట. నంబర్ దొరికింది, ఇరవై ఏళ్లుగా మాటల్లేని మనిషికి ఏమని మొదలుపెట్టాలో తెలియక ఇంకా చెయ్యలేదు. రేపు పొద్దున్నే చేస్తాను.