హల్ ఫియ అంటే నాలుగున్నర కాదు

డెన్మార్క్ బయల్దేరే ముందు రెండు నెలలపాటు ఫోన్‌లో డేనిష్ పదాలు నేర్చుకున్నాను. రంగులు, జంతువులు, కూరగాయలు, చుట్టాలు, అంకెలు అని వేరువేరుగా ఉంటాయి కదా, అలా. రోజూ రాత్రి భోజనమయ్యాక విజయవాడలో మా బాల్కనీలో కూర్చుని ఏనుగును ఏమంటారు, జిరాఫీని ఏమంటారు అని వల్లె వేసేవాణ్ని. జూన్‌లో మూడు వారాలు ఉండి వచ్చాను, ఒక్కళ్లు కూడా జిరాఫీ ఊసెత్తలేదు.

మా చెల్లెలు వాళ్లుండేది ఆర్హూస్‌లో. కోపెన్‌హేగన్‌లో దిగి రైలెక్కితే మూడు గంటల దారి. స్టేషన్లో మొదటి దెబ్బ తగిలింది. నా 'ప్రయాణం' పాఠంలో విమానం ఉంది, ఓడ ఉంది, కానీ బోర్డుల నిండా కనిపిస్తున్న 'స్పోర్' లేదు. రైలు ఏ పట్టాల మీదికొస్తుందో చెప్పే మాట అది, జాడ అనే అర్థం కూడా ఉందట. ఆ రైలు కాసేపు సముద్రం కింద సొరంగంలో, కాసేపు వంతెన మీద పోయి ఇంకో దీవిలో తేలుతుంది. దీవికి డేనిష్‌లో ఒక్కటే అక్షరం, సున్నాకి అడ్డంగా గీత కొట్టినట్టుంటుంది. చిన్న ఏరుకి కూడా ఒక్క అక్షరమే. ఒక్క అక్షరంతో మాటేమిటి అనుకున్నాను గానీ మన ఆ, ఈ, ఏ ఏమిటి మరి?

రైలెక్కే ముందే, నన్ను తీసుకెళ్లడానికొచ్చిన చెల్లెలూ నేనూ బేకరీలో రెండు కాఫీలు, రెండు 'కనేల్ స్నైల్' తీసుకున్నాం. అంటే దాల్చినచెక్క నత్తలు. భయపడకండి, చుట్ట చుట్టిన తీపి రొట్టె. డేనిష్‌లో 'ప్లీజ్'కి సరిగ్గా సరిపోయే ఒక్క మాట లేదు, చివర 'తక్' అని థాంక్స్ తగిలిస్తే మర్యాద అయిపోతుంది. మనం మాత్రం ఇంట్లో ఎప్పుడైనా 'దయచేసి ఉప్పు అందించు' అన్నామా? ఆ మాట ఆఫీసుల బోర్డుల మీదే కదా ఉండేది! సరే, ఎంత అయిందంటే బేకరీ ఆవిడ 'ఫెమ్ ఓ హల్‌ఫెమ్స్' అంది. నేను బిక్కమొహం వేసేసరికి వెంటనే ఇంగ్లీషులోకి దిగి తొంభై అయిదు క్రోనర్లు అని చెప్పేసింది. అక్కడ ఇదే గొడవ, మనం ఒక్క క్షణం తడబడితే చాలు, పాపం అని ఇంగ్లీషు మాట్లాడేస్తారు.

ఆ లెక్క రైల్లో చెల్లెలు విప్పి చెప్పింది. వాళ్లు యాభై నుంచి తొంభై దాకా ఇరవైలతో లెక్కపెడతారు. అరవై అంటే మూడు ఇరవైలు, ఎనభై అంటే నాలుగు. యాభై అంటే రెండున్నర ఇరవైలు. మనం రెండున్నర వేలు అనమూ, అలాగే. కాకపోతే ఆ రెండున్నరని 'మూడోదాంట్లో సగం' అంటారు, పైగా ఇరవై అన్న తోక ఎప్పుడో ఊడిపోయి సగం మాటే మిగిలింది. తొంభై అంటే 'అయిదోదాంట్లో సగం'. అర్థమైందన్నాను, గర్వంగా.

మర్నాడు పొద్దున్నే టీ నేనే పెడతానని ఫ్రిజ్‌లోంచి పాల డబ్బా తీశాను. 'మెల్క్' అంటే పాలు, అది నేర్చుకున్న మాటే. మరుగుతున్న డికాషన్‌లో పోయగానే ముక్కలు ముక్కలుగా విరిగిపోయింది. "అన్నయ్యా, అది కెర్నెమెల్క్, మజ్జిగ!" అని చెల్లెలు పడీపడీ నవ్వింది. ఆ మాట ఇక జన్మలో మర్చిపోను.

మర్చిపోని ఇంకో మాట దానంతటదే దొరికింది. కూరగాయల దగ్గర వెల్లుల్లి మీద 'విద్‌లాయ్' అని రాసుంది. విద్ అంటే తెలుపు, లాయ్ అంటే ఉల్లిపాయ. తెల్ల ఉల్లి. మన వెల్లుల్లి కూడా అంతేగా, వెల్ల ఉల్లి! అంత దూరం వాళ్లకీ మనకీ ఒకే ఊహ ఎలా వచ్చిందా అని ఆ బుట్ట ముందే నిలబడిపోయాను, మా మేనకోడలు చెయ్యి పట్టుకుని లాగేదాకా.

ఇక అసలు ఘనకార్యం. పక్కింటి పెద్దావిడ నన్ను కాఫీకి పిలిచింది, 'హల్ ఫియ'కి రమ్మంది. హల్ అంటే సగం, ఫియ అంటే నాలుగు. చెల్లెలు ఆఫీసులో ఉంది, అడగక్కర్లేదనుకుని నాలుగున్నరకి టంచనుగా తలుపు కొట్టాను. ఆవిడ మూడున్నర నుంచీ ఎదురుచూస్తోంది. నాలుగో గంటలో సగం! రైల్లో గర్వంగా అర్థమైందన్నది ఇదే సగం. ఆవిడ ఏమీ అనలేదు, కాఫీ మళ్లీ పెట్టింది, అదే ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

మాటల్లో పడ్డాక గోడ మీది ఫొటోలు చూపిస్తూ ఫార్‌మోర్, మోర్‌మోర్ అంది. నాన్న అమ్మ, అమ్మ అమ్మ, అంటే మన నాయనమ్మా అమ్మమ్మా. మేనత్త 'ఫాస్టర్'. పిన్నికీ పెద్దమ్మకీ కలిపి ఒకటే 'మోస్టర్', అక్కడ మాత్రం మనదే పైచేయి. తర్వాత నావైపు, నా పక్కన కేక్ తింటున్న పిల్లవైపు చూసి, అయితే నువ్వు 'మోర్‌బ్రోర్' అంది. అమ్మకి అన్నదమ్ముడు. ఇంగ్లీషులో అంకుల్ అనిపించుకున్నప్పుడల్లా ఎవరో ముక్కూమొహం తెలియనివాడిలా ఉంటుంది నాకు. మేనమామని మేనమామ అనే మాట అక్కడ దొరికింది.

రెండ్రోజుల తర్వాత ఆవిడ కొట్లో ఎదురై 'తక్ ఫో సిస్ట్' అంది. మొన్న కలిసినందుకు థాంక్స్ అని. నా ఏ పాఠంలోనూ లేదది. ఏమనాలో తెలీక దిక్కులు చూస్తుంటే, "మామయ్యా, సెల్ తక్ అను" అని కిందనుంచి గొంతు వినిపించింది. అన్నాను. అయిదేళ్ల పిల్ల తల అడ్డంగా ఊపి, మళ్లీ అనమంది.