స్ట్రాటా, లెస్ పాలా?

ఈ రెండు ఎలక్ట్రిక్ గిటార్లలో ఏది తీసుకోవాలా అని మూడు వారాలుగా ఇదే టెన్షన్. స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది, లెస్ పాల్ 1952లో. నాకంటే ఎంతో పెద్దవి, అయినా నాకే పరీక్ష పెడుతున్నాయి!

నిన్న రెండూ ఒకే ఆంప్‌కి (యాంప్లిఫయర్‌కి) తగిలించి గంటసేపు వాయించాను. స్ట్రాట్ క్లీన్ టోన్‌లో, అంటే గరగర లేని స్వచ్ఛమైన శబ్దంలో, ఒక్కో తీగా విడివిడిగా, గలగలమంటూ పలికింది. శబ్దానికి గరగర తెచ్చే గెయిన్ పెంచితే మాత్రం వెనకాల జుయ్‌మని రొద. తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌లు దానికి ఒంటి కాయిల్‌వి, ఆ సింగిల్ కాయిల్ పికప్‌ల గుణమే అంత. లెస్ పాల్‌లోని హంబకర్ రకం పికప్‌లలో రెండు కాయిళ్లు కలిసి ఆ రొదను కొట్టేస్తాయి. శబ్దం కూడా నిండుగా ఉంటుంది.

అసలు తేడా వేళ్లకు తెలిసింది. స్ట్రాట్ స్కేలు, అంటే తీగ మోగే పొడవు, 25.5 అంగుళాలు, లెస్ పాల్‌ది సుమారు 24.75. ముప్పావు అంగుళమేగా అనుకున్నా. కానీ స్కేలు తగ్గితే అదే మందం తీగ కాస్త వదులుగా ఉంటుంది. లెస్ పాల్ మీద తీగను పక్కకు లాగి బెండ్ చేస్తుంటే ఎంత హాయో! లేచి నిలబడి వాయించాక భుజం ఇంకో మాట చెప్పింది. స్ట్రాట్‌కి ఒంటికి ఆనే చోట చెక్కిన వంపులున్నాయి, బరువూ తక్కువే.

నేను వాయించేది ఎక్కువగా క్లీన్ టోనే కాబట్టి స్ట్రాట్ ఖాయం చేశాను. చెవుల్లో మాత్రం ఇంకా లెస్ పాలే మోగుతోంది.